రాజేశాన్ని విమానం ఎక్కించొద్దు

భివండి నుంచి

తమ్ముడు రాజేశానికి అక్క మల్లవ్వ దీవెనలు. చేయి కాస్త కదులుతోందా? జగిత్యాల దవాఖాన నుంచి కోరుట్ల ఇంటికి ఎప్పుడు పంపుతామన్నారు? లక్ష్మి వేళకు తింటోందా? నా మనవరాలు ఇది రాసి, ఫొటో తీసి పంపుతోంది. ఫోనులో అయితే నాకు ఏడుపే వస్తుంది, మాట రాదు. లక్ష్మీ, మీ ఆయనకు చదివి వినిపించు, నడుమ ఏదీ మింగకు.

నేను బాగానే ఉన్నాను. సిరిసిల్లలో మగ్గాలకు చుట్టిన నూలు కండెలే ఇక్కడా చుడుతున్నాను. వాన ఆగదు, బట్టలు ఆరవు, పప్పులో బెల్లం వేస్తారు. అయినా బాగానే ఉన్నాను. కానీ నీకు పక్షవాతమని విన్నప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. ఆ తొందరలోనే దుబాయిలో ఉన్న నీ కొడుకు శ్రీనుతో, మీ నాయనను విమానంలో మా పక్కనున్న బొంబాయికి పంపు అని గొడవ చేశాను. వాడు డాక్టరు ఉండే విమానం మాట్లాడనే మాట్లాడాడు. అది జగిత్యాలలో ఎక్కితే మా వాకిట్లో దించుతుందనుకున్నాను.

పక్కింటి నర్సు కవిత అడిగింది: "పెద్దమ్మా, జగిత్యాలల లేని ఏ వైద్యం కోసం తెస్తున్నవ్? హైదరాబాదు దాక రోడ్డు మీదనే పోవాలె. బొంబాయిల దిగినంక మల్ల రోడ్డే. ఎన్నిసార్లు ఎక్కించుడు, ఎన్నిసార్లు దించుడు?"

"మరి గా విమానాలు ఎవలికే?" అని మండిపడ్డాను.

"ఉన్నకాడ వైద్యం లేక, గంటలల్ల అందకుంటె పానం పోయేటోళ్లకు. దారి తట్టుకుంటరని డాక్టర్ అన్నోళ్లకు."

మీ డాక్టరుకు ఫోన్ చేయించాను. గండం గడిచిందని, ఇక రోజూ చేయించే కసరత్తే మందని, అది అక్కడే ఉందని చెప్పాడు.

శ్రీనుకు చెబితే ఎగిరిపడ్డాడు. "అత్తా, నువ్వే గదా పంపుమన్నవ్! రూముల అందరికి చెప్పుకున్న."

"మల్ల చెప్పు, మా అత్తకు బుద్ధొచ్చిందని."

ఆఖరికి, "సెలవు దొరకలే అత్తా. గిదన్న చేద్దామనుకున్న" అన్నాడు. వాణ్ణి తిట్టకండి. తప్పు నాది. నిన్ను చూడాలని నా ప్రాణం కొట్టుకుంటే, నీ ప్రాణాన్ని కదిలించబోయాను.

లక్ష్మీ, విమానం కాగితాల మీద సంతకం పెట్టకు. రేపు డాక్టరే ఇక్కడ కాదు, వెంటనే తీసుకుపోండి అంటే మాత్రం ఎవరినీ అడగకు, నన్ను కూడా.

చిన్నమ్మకు నా దండాలు. కొండగట్టు అంజన్నకు నా పేరున మొక్కు. జగిత్యాల బస్సుకు టికెట్ తెమ్మని అల్లుణ్ణి ఇప్పుడే పంపాను. తమ్ముడూ, నువ్వు పడుకో. కాళ్లు ఆడుతున్నదాన్ని నేనే వస్తాను.

నీ అక్క మల్లవ్వ వేలిముద్ర