నీ తమ్ముడి కారుకు వేసిన మంత్రం

బంగారుపాళ్యం,
మామిడికాయల కాలం, 2009.

అక్కమ్మకు నీ మొగుడు మునిచంద్ర రాసేది.

ఈడ నేను, ఎనుము, మన మెకానిక్ షెడ్డు ముగ్గురమూ బాగుండాము. ఎనుము మాత్రం నీ మీద బెంగ పెట్టుకుని పాలు తగ్గించింది. నీ పాత చీర చుట్టుకుని పిండదామని కూర్చుంటే నా మొహం చూసి బిందెను తన్నింది. ఆడ గూడూరులో నువ్వు, పల్లవి, అల్లుడు, మన మనవరాలు సుఖంగా ఉండారని అనుకుంటా ఉండా. బిడ్డకు నా ముక్కే వచ్చిందని రాసినావు. రానీలే, ఎవరింట్లో ఏం కూర ఉడుకుతా ఉండాదో వీధి చివర నుంచే చెప్పేస్తుంది.

నిమ్మకాయల లారీ వరదయ్య చేత నువ్వు పంపిన ఉత్తరం అందింది. నిమ్మకాయలూ అందినాయి. రెండిట్లో నిమ్మకాయలే కొంచెం తియ్యగా ఉండాయి. ఫోన్ చేస్తే "సాలించు నీ యెకసెక్కాలు" అని పెట్టేస్తా ఉండావు కదా, అందుకే నేనూ కాగితం పట్టుకున్నా. బడి మానేసినాక ఇంత పొడుగు రాసింది ఇదే. తప్పులుంటే పల్లవి చేత దిద్దించుకో.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మన చెట్ల తోతాపురి కాయంతా గుజ్జు ఫ్యాక్టరీకి తోలేసినా. ఫ్యాక్టరీ ముందర ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడి ఉండాయి, ఊరంతా కాయల వాసనే. ఊరగాయ జాడీ మూత తీయలేదు. అంటే, ఎక్కువగా తీయలేదు.

"గుండు యాల కొట్టించుకున్నావు? నాకు తెలియకుండా ఏం మొక్కు?" అని అడిగినావు. వరదయ్య మోసినట్టుండాడు ఈ వార్త. మనవరాలు పుట్టింది గదా, కొండెక్కి స్వామికి తలనీలాలు ఇచ్చినా. దాంట్లో ఇంకొంచెం ఉండాది, తర్వాత చెప్తా.

"మా తమ్ముడి కారు ఎట్లుండాది? బాలింతను, బిడ్డను దాంట్లోనే తీసుకొస్తాడంట. నువ్వు దాని మీద చెయ్యి వెయ్యలేదు గదా?" అని అడిగినావు. అక్కమ్మా, ఈ ప్రశ్న దగ్గర పెన్ను పెట్టేసి ఎనుముకు గడ్డి వేసొచ్చినా. తిరిగొచ్చి చూస్తే ప్రశ్న ఆడనే ఉండాది.

వేసినా.

నీ తమ్ముడు హరినాథు బెంగుళూరులో కొన్న ఆ ఫారిన్ కారు మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు చలికాలం ముసలోడి మాదిరి దగ్గేది. విప్పి చూసినా. మామూలు కార్లలో పెట్రోలు, గాలి పోయే గొట్టంలోనే చిమ్ముతుంది. పోతా పోతా వాల్వును కడిగి పోతుంది. ఈ కారులో అట్ల కాదు, వాల్వును తాకకుండా నేరుగా సిలిండరులోనే పడుతుంది. దానికి తోడు టర్బో అని ఒకటుండాది, కొలిమి తిత్తి మాదిరి గాలిని తోసి తోసి పంపుతుంది. ఇంక వాల్వును కడిగే దిక్కేది? నువ్వు లేని ఇంట్లో దోశల పెనం ఎట్లుండాదో, వాల్వులు అట్ల మసి పట్టి ఉండాయి.

గీకి శుభ్రం చేసినా. మళ్ళీ పట్టకుండా ఉండాలంటే గొట్టంలో కూడా కాస్త పెట్రోలు పడాల. మద్రాసు పుదుపేటలో పాత సామాన్లు అమ్మే గోవిందస్వామి దగ్గర వేరే ఇంజెక్టర్లు, వాటిని ఆడించే పెట్టె తెచ్చి, లోపలివి లోపల ఉండంగానే గొట్టం మీద ఇవి బిగించినా. కారు ఘాటును ఒక్క దమ్మున ఎక్కేసింది. నీ తమ్ముడు దిగొచ్చి నా చేతులు పట్టుకున్నాడు.

"ఏం చేసినావు బావా?"

ఆడ నిజం చెప్పుంటే పోయేది. నా నోరు నీకు తెలుసు గదా.

"ఏముందప్పా, మా తాత నేర్పిన మంత్రం. ఇంజను చెవిలో ఊదినా."

"ఇంజనుకు చెవి యాడుంటుంది బావా?"

"మంత్రం వచ్చినోడికే కనబడుతుంది."

నవ్వుతాడనుకున్నా. చెంపలేసుకున్నాడు! సాయంత్రానికి ఊరంతా చెప్పినాడు. మరుసటి రోజు పొద్దున షెడ్డు ముందర లారీ డ్రైవర్లు నిమ్మకాయలు పట్టుకుని నిలబడి ఉండారు, చెవిలో ఊదమని. నీ మీద ఒట్టు, ఒక్క లారీకి తప్ప ఊదలేదు.

నీ తమ్ముడు అంతటితో ఆగితేనా. "మంత్రం పడిన ఇంజను, అలిపిరిలో పూజ చేయించి కొండకు తీసుకుపోదాం" అన్నాడు. పోయినాము. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినాము, గుమ్మడికాయ కొట్టినాము. అందరూ కారు మొహానికి హారతి ఇస్తారు. ఈయప్ప బానెట్టు ఎత్తి ఇంజనుకే ఇస్తానని కర్పూరం వెలిగించినాడు. అప్పుడు, బిడ్డకు వచ్చిందని రాసినావే ఆ ముక్కుకు, పెట్రోలు వాసన తగిలింది.

తప్పు నాదే. పాత కార్ల అలవాటులో మామూలు రబ్బరు పైపు, మామూలు క్లిప్పు వేసినా. ఈ కారు పంపు తోపుకు అది వదులై కారతా ఉండాది.

"ఒరే హరీ, వద్దురా! పెట్రోలు కారతా ఉండాది!"

"గమ్మునుండు బావా. దేవుడి దగ్గర కూడా యెకసెక్కాలేనా?"

"నీకు దండం పెడతా, నిజంరా!"

"సూడండప్పా, నిజమంట!" అని చుట్టూ ఉండేవాళ్ళకు చెప్పి, నవ్వుకుంటా పళ్ళెం పట్టుకుని వంగినాడు.

మధ్యలో దూరి పళ్ళెం లాక్కున్నా. అప్పటికే పెట్రోలు ఆవిరికి అంటుకుని బుస్సుమని లేచింది మంట. పూలమ్మే ఒకామె బుట్ట మీది తడి గోనెసంచి లాగి ఇంజను మీద కప్పింది. దాంతో ఆరిపోయింది. కారులో ఒక పైపు, కొన్ని వైర్లు కమిలినాయి. నీ తమ్ముడికి వెంట్రుక కూడా కాలలేదు. నాకు ముందు జుట్టు, కనుబొమలు, మీసంలో ఎడమ సగం పోయినాయి.

పూలామె నన్ను ఎగాదిగా చూసి, "ఏం సామీ, కొండ మీద ఇయ్యాల్సింది కిందనే ఇచ్చేస్తివే!" అనింది. పైకి పోయి తల మీద మిగిలింది ఇచ్చినా. ఆడ మంగలి, "ముందే ఎవరో మొదలు పెట్టినట్టుండారే" అన్నాడు. ఇదీ నా మొక్కు.

ఇప్పుడు అసలు సంగతి. నీ తమ్ముడికి అంతా విప్పి చెప్పినా, ఇంజెక్టర్లు కూడా చూపించినా. నమ్మలేదు. "నీ మంత్రం గట్టిది బావా, అందుకే కారు మిగిలింది" అంటాడు. గూడూరులో బిడ్డను ఎక్కించుకునే ముందు మళ్ళీ ఇంజనుకే హారతి ఇస్తాడంట. ఇన్నేళ్ళూ నా అబద్ధాలకు ఊరంతా నవ్వితే సంబరంగా ఉండేది. నిజం చెప్పినప్పుడు కూడా నవ్వితే ఎట్లుంటుందో అలిపిరిలో తెలిసింది. పళ్ళెం లాక్కునేటప్పుడు నా కళ్ళకు కారు కనబడలేదే, నీ ఒడిలో బిడ్డ కనబడింది.

గోవిందస్వామికి ఫోన్ చేస్తే "ఎన్నప్పా, టర్బో బండికి తోటకు నీళ్ళు పెట్టే పైపా వేసేది?" అని తిట్టి, గట్టి పైపు, గట్టి క్లిప్పులు పంపినాడు. వేసినా. రోజూ ఒక్కడినే ఘాటు ఎక్కి దిగి, బానెట్టులో తల పెట్టి వాసన చూస్తా ఉండా. చుక్క కారలేదు. అయినా నువ్వు వద్దంటే అవన్నీ పీకేస్తా. దగ్గుకుంటా వస్తుంది, రానీ. నువ్వు మాత్రం నీ తమ్ముడికి చెప్పు, నీ మాటైతే వింటాడు. ఇంజను దగ్గర కర్పూరం వద్దు. హారతి కావాలంటే బిడ్డకు ఇంట్లో ఇయ్యమను.

నువ్వు కూడా నమ్మవని తెలుసు. అందుకే కవరులో చిన్న పొట్లం పెట్టినా. నలక అనుకుని విదిలించేయద్దు, విప్పి వాసన చూడు. కర్పూరం, పెట్రోలు రెండూ తెలుస్తాయి. పెళ్ళిచూపుల్లో నీకు నచ్చింది అదొక్కటే అని ఇన్నేళ్ళూ అంటా ఉండావు గదా, జాగ్రత్తగా పెట్టుకో.

ఇట్లు,
మీసం నీ దగ్గర, మిగతాదంతా ఈడ ఉండే
నీ పెనిమిటి
మునిచంద్ర