ఆ గదులకి కొత్త రంగు

తమ్ముడూ,

నేను కాపురానికొచ్చిన ఈ దేశానికి మీ జట్టును పంపాలా వద్దా అని మీ ప్రభుత్వం ఇంకా నాన్చుతోందట. నన్నడిగావు కాబట్టి చెబుతున్నాను.

మొదట్లో మీరు రావాలనే కోరుకున్నాను. ఇక్కడి ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీసిన ఊరేగింపులో పోలీసులు పట్టుకెళ్లిన మీ బావనీ, మిగతావాళ్లనీ స్టేడియం డ్రెస్సింగ్ రూముల్లోనే పెట్టారు. మ్యాచ్‌కి గదులు కావాలి కదా, అప్పుడైనా వదిలేస్తారనుకున్నాను. పిచ్చిదాన్ని.

ఖాళీ చేశారు. గోడలకి కొత్త రంగు కూడా వేశారు. ఇంటికి మాత్రం ఒక్కరూ రాలేదు. గేటు దగ్గర అడిగితే, "మ్యాచ్ అయ్యాక రామ్మా" అన్నారు.

లోపల ఊడ్చే ఆవిడ మీ బావ చొక్కా తెచ్చిచ్చింది. తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోందట.

ఎవరు పంపినా నువ్వు రాకురా. వస్తే, నీ చొక్కా తగిలించేది ఆ కొక్కేనికే.

మీ అక్క