దిబ్బ మీద ఎర్ర జెండా

రాబర్ట్‌సన్‌పేట,
12-3-2005, శనివారం.

చిరంజీవి వినుతకు,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ మీ అమ్మా ఒంట్లో బాగానే ఉన్నాం. పుణెలో నువ్వు వేళకు తింటూ, వేళకు నిద్రపోతూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. నీ ఉత్తరం గురువారం అందింది. అప్పటి నుంచి మూడుసార్లు జవాబు మొదలుపెట్టి మూడుసార్లూ చించేశాను. ఇది నాలుగోది.

మీ ఆఫీసు వాళ్ళు ఆదివారాలు నిన్ను గోల్ఫుకు తీసుకెళ్తున్నారని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. పద్ధతులు నాన్ననే అడుగుదామని నీకు అనిపించినందుకు ఇంకా సంతోషం. నేను కర్ర పట్టి ఎనిమిది నెలలే అయింది. బంగారు గని నడిచే రోజుల్లో ఆ ఆట ఆఫీసర్లది. నాలాంటి టైమాఫీసు గుమాస్తా ఆ వైపు తొంగి చూస్తే ఏం పనయ్యా నీకిక్కడ అనేవాళ్ళు. గని మూతపడ్డాక పాత ఉద్యోగులు కొందరు ఓ సంఘం పెట్టి, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల వెనక బీడులో తొమ్మిది గుంతల మైదానం చేసుకుని, ఎవరైనా రావచ్చన్నారు. యాభై ఆరేళ్ళ వయసులో నేనూ వెళ్ళాను. "ముప్పై ఏండ్లు వాళ్ళు ఎప్పుడొస్తారా అని గడియారం చూస్తా కూర్చున్నారు. ఇంగ వాళ్ళ వెనకాల బంతులు ఏరుకుంటా తిరగండి" అని మీ అమ్మ ఎంత ఏడిపించినా మానలేదు.

నీ మొదటి ప్రశ్న, పోయిన బంతిని ఎంతసేపు వెతకొచ్చు అని. ఐదు నిమిషాలు. గడియారం చూసుకుని వెతుకు. వెనక ఇంకో జట్టు ఉంటే, వెతకడం మొదలుపెట్టేటప్పుడే చెయ్యి ఊపి వాళ్ళను ముందుకు పోనివ్వాలి. నాలుగున్నర నిమిషాలు ముళ్ళకంపల్లో దూరి, గీరుకుని, అప్పుడు చెయ్యి ఊపడం మర్యాద కాదు. నేను మొదట్లో అదే చేసేవాణ్ణి. పావలా పోయినా వెతికే రకం కదా మనం.

రెండోది, ఆలస్యం చేస్తున్నావని నిన్ను ఒకరు విసుక్కున్నారన్నావు. బాధపడకు. బాగా ఆడకపోయినా ఎవరూ ఏమనరు, తెమలకపోతేనే అంటారు. అవతలివాళ్ళు కొడుతున్నప్పుడే నీ కర్ర ఏదో తేల్చుకుని సిద్ధంగా ఉండు, అయితే వాళ్ళ ముందు నిలబడకు, కదలకు, నీ నీడ వాళ్ళ బంతి మీద పడనీకు. ఎన్ని దెబ్బలకు గుంతలో పడిందో అక్కడే నిలబడి రాసుకోకు. పక్కకు వచ్చి, తర్వాతి చోట రాసుకో. మీకక్కడ గుంత చుట్టూ పచ్చగడ్డి ఉంటుందేమో. మనకు నీళ్ళేవి? నూనె కలిపిన ఇసుక పరిచి దాన్నే బ్రౌను అంటాం. ఆడి వెళ్ళేవాడు తన అడుగుల జాడల మీద గోనెపట్టా లాగి చదును చేసి వెళ్ళాలి. అది నాకు చాలా నచ్చిన పద్ధతి.

మూడో ప్రశ్న గోల్ఫు గురించి కాదు. అమ్మ ఫోనులో పాలపొడి కాఫీ అన్నదేమిటి, అక్కయమ్మవ్వ పాలు తేవడం లేదా అని అడిగావు. నాలుగోది, వెనక పెద్దవాళ్ళు నిలబడి చూస్తుంటే చేతులు వణుకుతున్నాయి, ఏం చెయ్యాలి నాన్నా అని. తల్లీ, నువ్వు విడివిడిగా అడిగావు గానీ ఆ రెండింటికీ జవాబు ఒకటే. ఈ ఉదయం దాకా అది నేను ఎవరికీ చెప్పలేదు.

మా మైదానంలో నాలుగో గుంత దగ్గర అడ్డంగా ఒక దిబ్బ ఉంది. కొట్టే చోటు నుంచి చూస్తే దిబ్బ అవతల ఏముందో కనబడదు. అవతల కాలిబాట. పల్లె నుంచి పాలు, కూరలు తెచ్చేవాళ్ళంతా ఆ బాటనే వస్తారు. అందుకని దిబ్బ మీద పిల్లప్పను నిలబెట్టాం. పిల్లప్ప గనిలో ఇరవై ఏడేళ్ళు పైకప్పుకు దుంగలు నిలబెట్టిన మనిషి. బాటలో మనుషులుంటే ఎర్ర జెండా ఎత్తుతాడు. జెండా దిగేదాకా ఎవరూ కొట్టకూడదు. ఇంతే అతని పని. ఎండలో టోపీ కూడా లేకుండా, ఎంత శ్రద్ధగా చేస్తాడో.

పోయిన నెల ఇరవై ఏడు, ఆదివారం. నేనూ డ్రాయింగు మాస్టరు ఆదినారాయణప్పా కలిసి ఆడుతున్నాం. మొదటి మూడు గుంతలకే యాభై ఐదు నిమిషాలు పట్టింది. వెనక నలుగురు పాత ఆఫీసర్లు. అందులో మా సంఘం కార్యదర్శి విజయేంద్రగారు ఒకరు. నాలుగో గుంత దగ్గరికి వచ్చేసరికి వాళ్ళు మమ్మల్ని అందుకున్నారు. సర్వి చెట్ల వెనక రాతిబెంచీ మీద కూర్చుని, విజయేంద్రగారు నవ్వుతూ అన్నారు: "ఏమప్పా ప్రహ్లాదరావ్, టైమాఫీసే లేటైతే ఇంగ మా గతేమప్పా?"

అందరూ నవ్వారు. ఆదినారాయణప్ప వాళ్ళను మంచి చేసుకోవడానికి బెంచీ దగ్గరికి వెళ్ళాడు. నాకు తల కొట్టేసినట్టయింది. రెండు నిమిషాలు ఆలస్యమైనవాడి పేరు పక్కన ఎర్ర సిరాతో గీత గీసినవాణ్ణి నేను. అప్పుడు నేను అనవలసింది ఒక్కటే మాట, మీరు ముందు ఆడండి సార్ అని. పద్ధతి అదే, అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ ముప్పై ఏళ్ళు ఎవరిని చూసి కుర్చీలోంచి లేచానో వాళ్ళకు దారి ఇస్తే, ఈ ఆట నాది కాదని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు అనిపించింది.

బంతి పెట్టి తలెత్తాను. దిబ్బ మీద జెండా ఎత్తి ఉంది. ఆగాను. అర నిమిషం, ఒక నిమిషం. జెండా దిగలేదు. బెంచీ మీదివాళ్ళకు చెట్ల అడ్డం వల్ల జెండా కనబడదు. నేను ఎందుకు నిలబడ్డానో వాళ్ళకు తెలియదు. ఎవరో దగ్గారు. చేతులు వణికాయి. నా బంతి ఈ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా ఆ దిబ్బ దాటలేదు, ఇవాళ మాత్రం దాటుతుందా అనుకున్నాను. కొట్టేశాను.

దాటింది. ఎవరికైనా తగిలేలా ఉంటే "ఫోర్" అని గొంతు చించుకుని అరవాలి, అది నీకు నేర్పే ఉంటారు. నేను అరవలేదు. అంత ఎత్తున బంతి ఎగరడం చూసి మురిసిపోతున్నాను. సిగ్గు విడిచి రాస్తున్నాను వినుతా, కేక వినబడేదాకా సంతోషంగానే ఉన్నాను.

బాటలో అక్కయమ్మ పడి ఉంది. పాలన్నీ మట్టిపాలు. ఎడమ కంటి కింద ఎముక విరిగింది. పిల్లప్ప జెండా పారేసి పరుగెత్తుకొచ్చి ఆమె తలను ఒళ్ళో పెట్టుకున్నాడు. మేమంతా చేరాక విజయేంద్రగారు నన్ను అడగలేదు, అతన్ని అడిగారు: "జెండా ఎత్తలేదేమప్పా?"

"ఎత్తినాను సార్."

"ఎత్తుంటే ప్రహ్లాదరావు ఎట్ల కొడతాడు? గీత దాటే మనిషా ఆయన?"

పిల్లప్ప నా మొహం చూశాడు. నేను నేల చూశాను.

ఆమెను కోలారు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కన్ను పోలేదు గానీ చూపు మసకగా ఉందట. మంచం దిగొద్దన్నారు. ఆ సాయంత్రం సంఘం గదిలో, నా దస్తూరి బాగుంటుందని, జరిగింది రాయమని కాగితం నాకే ఇచ్చారు. 'బంతి కొట్టిన సమయంలో దిబ్బ మీద జెండా ఎత్తి లేదు' అని నా చేత్తో నేను రాశాను. వంకర లేకుండా, గుండ్రంగా రాశాను. దాన్ని పిల్లప్పకు చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నారు. రేపు ఆదివారం పది గంటలకు మీటింగు. అతన్ని పనిలోంచి తీసేస్తారు.

ఈ రెండు వారాలు ఎలా గడిచాయని అడగకు. ఎప్పటిలాగే కాలేజీ ఆఫీసులో పనికి వెళ్ళాను, వచ్చాను, అన్నం తిన్నాను. అక్కయమ్మ పాలు ఎందుకు తేవడం లేదని మీ అమ్మ అడిగితే దెబ్బ తగిలిందట అన్నాను. ఎవరి దెబ్బ అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఈ ఉదయం తొమ్మిదికి పిల్లప్ప మనింటికి వచ్చాడు. పని నిలబెట్టమని అడుగుతాడేమో అనుకున్నాను. ఎంత రమ్మన్నా లోపలికి రాలేదు. అరుగు మీద ఓ మూలగా కూర్చున్నాడు.

"ఒక మాట అడగల్ల సార్, కోపం చేసుకోవద్దండి. నేను జెండా అసలు ఎత్తనే లేదా, ఎత్తి దించేసినానా? మీరేం చూసినారు?"

అతనే అన్నాడు:

"నాకైతే ఎత్తినట్టే ఉండాది. అక్కయమ్మ వచ్చేది చూసినాను, ఎత్తినాను. కానీ మీరు రాసినారే సార్! నా హాజరు బిళ్ళ మీ చేతికిచ్చి గనిలోకి దిగిన మనిషిని. మీరు రాసింది ఒక దినమన్నా తప్పు కాలేదు. అట్లయితే నాకే మతి తప్పినట్టు కదా. మా నాయనకూ ఇట్లే అయింది సార్. అరవై దాటినంక మా ఇల్లు యాడ అని మా వీధిలోనే నిలబడి అడుగుతా ఉండె. ఇప్పుడు నేను గొళ్ళెం పెట్టినానా లేదా అని మూడు తూర్లు లేచి చూస్తాను. నా పెండ్లాం గంగులమ్మ అగ్గిపెట్టె నా చేతికి ఇచ్చేది లేదు. అక్కయమ్మ కాళ్ళు పట్టుకుని తప్పైపోయిందని చెప్పి వచ్చినాను. పని పోతే పోనీండి. ఎత్తినానా లేదా, అది మాత్రం చెప్పండి సార్."

నేను ఇన్నాళ్ళూ అతని ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అతని మతినే పోగొడుతున్నానని నాకు తోచనే లేదు.

"ఎత్తినావు పిల్లప్పా" అన్నాను. "నిలువుగా ఎత్తి పట్టుకోనుండావు. నేను చూసే కొట్టినాను. అబద్ధం రాసినాను."

కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "అయితే నాకు మతి పోలేదు, మతి పోలేదు" అని రెండుసార్లు అని, తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. కాసేపటికి నవ్వు పోయింది. "రెండు వారాలు సార్" అన్నాడు. మీ అమ్మ కాఫీ గ్లాసుతో గడపలో నిలబడి అంతా వింది.

కొత్త కాగితం రాసి పెట్టాను. రేపు నేనే చదువుతాను. సంఘంలోంచి నన్ను తీసేస్తారు, తీసెయ్యాలి కూడా. ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలు అంటారు. పోలీసుల దాకా పోతుందేమో తెలియదు. భయంగా ఉంది తల్లీ, దాచను. మీ నాన్న ధైర్యవంతుడని నువ్వు ఎవరికైనా చెప్పుకుని ఉంటే, ఇక చెప్పుకోకు.

నీ నాలుగో ప్రశ్నకు జవాబు: చేతులు వణికితే బంతి తీసి జేబులో వేసుకో. మీరు ముందు వెళ్ళండి అని పక్కకు నిలబడు. నవ్వితే నవ్వనీ. ఎంత పెద్దవాళ్ళు వెనక ఉన్నా, ముందు దారి ఖాళీగా ఉందని తెలిసేదాకా కర్ర ఎత్తకు.

ఇక్కడితో ముగించి కవరు అంటించబోయాను. మీ అమ్మ చదివి, "అక్కయమ్మ అన్న మాట రాయలేదేమండీ? అది రాయల్ల" అంది. ఉదయం నుంచి ఆమె నాతో ఆడిన మొదటి మాట ఇదే. కాబట్టి రాస్తున్నాను.

ఉదయం పిల్లప్ప నన్ను అంతటితో వదిలిపెట్టలేదు. "పదండి, అక్కయమ్మకు చెప్పల్ల. చేయని తప్పుకు ఆమె కాళ్ళు పట్టుకుంటిని" అన్నాడు. మీ అమ్మ కూడా చెప్పులేసుకుని మా వెంట నడిచింది. ముగ్గురం ఆ కాలిబాటనే వెళ్ళాం. అక్కయమ్మ వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. ఎడమ కంటికి కట్టు. కుడి కంటితో చూడడానికి తల పూర్తిగా నా వైపు తిప్పాల్సి వచ్చింది. నిలబడే అంతా చెప్పాను.

చివరిదాకా వింది. తర్వాత అడిగింది:

"జెండా చూసినావా?"

"చూసినానమ్మా."

"నన్ను?"

"నిన్ను చూడలేదమ్మా. దిబ్బ అడ్డం ఉండింది. నిన్ను చూసుంటే దేవుడి మీద ఒట్టు, కొట్టేవాణ్ణి కాదు."

"జెండా చూసినానంటావు, నన్ను చూడలేదంటావు, ఇదేం మాటప్పా?" అంది అక్కయమ్మ. "ఆ జెండా అంటే నేనే కదా."

ఇట్లు,
నీ నాన్న,
ప్రహ్లాద.