తొక్కు పెట్టిన చీనా జాడీ

బర్కా, ఒమాన్

కోడలు సంధ్యకు దీవెనలు.

నీ మొగుడి కొలువు భద్రంగా ఉంది. వాడు ఫోనులో సగమే చెప్పి ఉంటాడు. వాడు పనిచేసే ఖర్జూర తోట యజమాని ఇంట్లో, తుడవడానికి దించిన జాడీ ఖాళీగా కనిపిస్తే, వాళ్ల కోసం తెచ్చిన మామిడి తొక్కు అందులో నింపాను. అది వాళ్ల పూర్వీకులు ఓడలో తెచ్చిన పురాతన చీనా పింగాణీ అట. కాగితం, దిక్సూచి, పింగాణీ చీనావాళ్లే కనిపెట్టారని ముప్పై ఏళ్లు బళ్లో చెప్పాను, ఎదురుపడితే గుర్తుపట్టలేదు.

"అవ్వా, నా కొలువు ముంచినవు," అని లింబాద్రి మొత్తుకున్నాడు.

యజమాని తల్లి తొక్కు నాకి చూసి, "ఇన్నేళ్లూ దీన్ని ఊరికే తుడిచాం. ఉండనీ," అని హిందీలో అంది. జాడీ తొక్కుతో సహా అద్దాల బీరువా ఎక్కింది.

వచ్చేవాళ్లతో మెంతిపిండి పంపు. చంటిదాని దగ్గు తగ్గిందా? అటక మీది మన జాడీ దించి కడుగు. బీరువాలో మాత్రం పెట్టకు.

మీ అత్త,
కమలవ్వ