ముందుగదిలో నూటికి నూరు

చిరంజీవి మరదలికి,

బావ దీవెనలు. నీ తీగ మొక్క క్షేమంగా చేరింది. దానితోపాటు నువ్వు పంపిన మూడు పేజీల సూచనలు చదివి నోరెళ్లబెట్టాను. ఇంట్లో గాలికి అరవై శాతం తేమ ఉండాలా, అదీ ఒక మొక్క కోసమా? మీ అక్కకి టైఫాయిడ్ వచ్చినప్పుడు డాక్టరు కూడా అరపేజీకి మించి రాయలేదు.

అయినా సరైన మనిషికే అప్పగించావు. వాతావరణ కేంద్రంలో ముప్ఫై ఒక్క ఏళ్లు తేమ కొలిచినవాణ్ణి. రిటైరైన రోజు వాళ్లిచ్చిన జంట ధర్మామీటర్లను తీగ పక్కనే గోడకు తగిలించాను. ఒకటి పొడిది, ఒకటి తడిది. రెండింటి డిగ్రీల మధ్య తేడా ఎంత తక్కువైతే గాలిలో తేమ అంత ఎక్కువ. తేడా బొత్తిగా లేకపోతే నూటికి నూరు. ఈ ఉదయం నలభై ఎనిమిది. ఆకులు తొంభై నాలుగు. మూడు నెలల శిక్షణ ముగించుకుని నువ్వొచ్చేసరికి అందులో ఒక్కటి తగ్గినా నన్ను వాతావరణశాఖ మనిషి అనకు.

నీ బావ

తా.క.: మొక్కను రోజూ పలకరించమన్నావు. ఉదయం ఎనిమిదింటికి రీడింగు పైకి చదువుతున్నాను. అంతకంటే నాకు చేతకాదు.

*

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం హాస్టల్లో నర్సులందరికీ చదివి వినిపించాను. నవ్వారు. నేను మాత్రం పూర్తిగా నవ్వలేకపోయాను. ఆ తీగను ఉద్యోగంలో చేరిన నెలలో తెచ్చుకున్నాను. పదకొండేళ్లలో నాతో నాలుగు ఇళ్లు మారింది. డ్యూటీ అయ్యాక తాళం తీస్తే ఆ ఇంట్లో నాకు ఎదురయ్యే ప్రాణి అదొక్కటే. అందుకే మూడు పేజీలు.

నలభై ఎనిమిది చాలదు. పళ్లెంలో గులకరాళ్లు పోసి, నీళ్లు నింపి, వాటి మీద కుండీ పెట్టండి. అడుగు మాత్రం నీళ్లకు తగలకూడదు. పక్కన ఒకటి రెండు తడి తువ్వాళ్లు ఆరేయండి.

ఉంటాను,
మీ మరదలు

తా.క.: మీ సంగతి తెలుసు కాబట్టి మళ్లీ రాస్తున్నాను. ఒకటి. లేదా రెండు.

*

చిరంజీవి మరదలికి,

అరవై ఒకటి! రెండు వారాలుగా వెంట్రుకవాసి కదలలేదు. పదకొండు తువ్వాళ్లు పట్టాయి. పొద్దున్నుంచీ పొయ్యి మీద నీళ్లు మరుగుతూనే ఉంటాయి. స్నానం తలుపు తీసిపెట్టే చేస్తున్నాను. మీ అక్క పుస్తకాలు ఉబ్బాయి, బీరువా తలుపు మూసుకోవడం మానేసింది. అది చిన్న విషయం.

మీ అక్క దాన్ని చిన్న విషయం అనుకోలేదు. ఇంకో వారం ఉంటే తనకీ ఆకులు మొలుస్తాయని చెప్పి, నాలుగు రోజుల కిందట మీ అన్నయ్య ఇంటికి వెళ్లిపోయింది. ఎప్పుడొస్తావంటే, గోడలు ఆరాక అంది. నీ తీగ కోసం ఇల్లాలినే వదులుకున్నానని గుర్తుపెట్టుకో.

నీ బావ

తా.క.: కవరు అంటించబోతూ రీడింగు చూశాను. నూటికి నూరు! సర్వీసు మొత్తంలో అది నాలుగే నాలుగుసార్లు చూశాను. ఆ నాలుగుసార్లూ పొగమంచులో నా చెయ్యి నాకే కనిపించలేదు. ఇప్పుడేమో ఎదురింటి పిల్లి మీసాలతో సహా కనిపిస్తోంది.

*

బావగారికి,

మీ తాజాకలం ఇప్పుడే చదివాను. నూరు శాతమా? వేళ్లు కుళ్లిపోతాయి. తువ్వాళ్లన్నీ తీసేయండి. పొయ్యి ఆపండి. కిటికీలు తెరిచి ఫ్యాను పెట్టండి. నిన్న పరీక్షలో రోగి జ్వరం ఎంతని అడిగితే నూరు శాతం అని రాసి వచ్చాను.

కంగారుగా,
మీ మరదలు

తా.క.: ఆకుల అంచులు ఎండి గోధుమరంగుకు తిరిగితే మాత్రం అది తేమ ఎక్కువై కాదు, తక్కువై. అలా ఉంటే వెంటనే రాయండి.

*

చిరంజీవి మరదలికి,

అలాగే ఉంది. అంచులు గోధుమరంగు, ముట్టుకుంటే అప్పడంలా విరుగుతున్నాయి. ఆకులు నలభై మూడు. కానీ రీడింగు నూరు! ఆకు మాట వినాలా, యంత్రం మాటా? నేను బతుకంతా యంత్రం మాటే విన్నాను.

గులకరాళ్ల పళ్లెం తీసేశాను. తేమ పీల్చడానికి గది నాలుగు మూలలా బొగ్గులు పోశాను. పొయ్యి వెలిగించి పన్నెండు రోజులైంది, బిస్కెట్లు తింటున్నాను. స్నానం పక్కింటి దర్జీ ఇంట్లో. పెదవులు పగిలాయి, నిన్న ముక్కులోంచి రక్తం కారింది. అయినా నూరు! గోడలో పైపు కారుతోందని ప్లంబర్ని పిలిచాను. అతను మూడడుగుల మేర పగలగొట్టి, ఆ గోడలో అసలు పైపే లేదని తేల్చాడు.

అయోమయంలో ఉన్న
నీ బావ

తా.క.: ఇన్ని రోజులు ఏకధాటిగా నూరు శాతం ఎక్కడా నమోదు కాలేదు. మా పాత ఆఫీసుకు నివేదిక పంపాను. గురువారం కొత్త అధికారి స్వయంగా వస్తున్నాడు. చొక్కా ఇస్త్రీకి ఇచ్చాను.

*

బావగారికి,

అధికారి సంగతి తర్వాత. తీగను ఇప్పుడే స్నానాలగదిలోకి మార్చండి. గోడ మీదున్న యంత్రం వైపు చూడకండి. తీగ చచ్చిపోతోంది బావగారూ. నేను ఇక్కడ ఏమీ చేయలేను, ఈ ఒక్క మాట వినండి.

మీ మరదలు

తా.క.: రోగి మూలుగుతుంటే చార్టు చదువుకునే డాక్టర్లను రోజూ చూస్తున్నాను. మా ఇంట్లోనూ ఒకరున్నారని నాకు తెలియదు.

*

మరదలికి,

నీ ఉత్తరం గురువారం మధ్యాహ్నం అందింది. అప్పటికే అంతా అయిపోయింది.

అధికారి వచ్చాడు. వెంట మా పాత అటెండరు. అధికారి ధర్మామీటర్లు చూసి, తేడాను తేమగా మార్చే పట్టిక చూసి, నూరే అన్నాడు. నా ఛాతీ ఉబ్బింది. అటెండరు మాత్రం తాగమని ఇచ్చిన మంచినీళ్ల గ్లాసును తడి ధర్మామీటరు కింద వేలాడే చిన్న సీసాలోకి వంచాడు. ఆ సీసాలోంచి గుడ్డ వత్తి నీళ్లు పీల్చుకుంటేనే అది తడి ధర్మామీటరు. సీసా ఎండితే రెండూ పొడివే, ఇక తేడా ఎక్కడుంటుంది? పావుగంటలో రీడింగు ఇరవై రెండుకు దిగింది. నీ తీగను ఎడారిలో పెట్టి, ఇంకా ఎండగట్టాను.

సీసా చూసుకోలేదా అని అధికారి అడిగాడు. అందులో ఎప్పుడూ నీళ్లుంటాయి కదా అన్నాను. అప్పుడు అటెండరు మెల్లగా చెప్పాడు.

"రోజూ ఏడున్నరకి నేను పోసేవాణ్ణి సార్. మీరు ఎనిమిదింటికి వచ్చేవారు."

ముప్ఫై ఒక్క ఏళ్లలో నేనతనితో మాట్లాడిందల్లా 'తలుపు వెయ్యి' అన్న మాటే.

వాళ్లు వెళ్లాక ఇంకో దెబ్బ తగిలింది. మొదట్లో చాలా రోజులు రీడింగు సరిగ్గానే వచ్చింది. అంటే ఎవరో నీళ్లు పోశారు. ఈ ఇంట్లో ఉన్నదే ఇద్దరం, నేను పోయలేదు. మీ అక్క వెళ్లిన నాలుగో రోజుకి సీసా ఎండింది. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

తీగకు తొమ్మిది ఆకులు మిగిలాయి. స్నానాలగదిలోకి మార్చాను. కాడ ఇంకా పచ్చగానే ఉంది, బతుకుతుందని అటెండరు అన్నాడు. అతని మాట నమ్ముతున్నాను. నన్ను క్షమించు. రేపు ఉదయం బస్సుకి దాన్ని ఒళ్లో పెట్టుకుని మీ అన్నయ్య ఇంటికి వెళ్తున్నాను.

నీ బావ

తా.క.: ఇది మీ అన్నయ్య ఇంటి నుంచి. మీ అక్క అంతా విని నవ్వలేదు, తిట్టనూ లేదు. చేతికి కాగితాలిచ్చి, ఇంట్లో ఏవేవి వాటంతటవే జరిగిపోతున్నాయని అనుకుంటున్నానో రాయమంది. ఐదో పేజీలో ఉన్నాను. జాబితా ఇంకా వంటింట్లోకి అడుగుపెట్టలేదు.