వాల్వుకు పెట్టిన పరీక్ష

సోమవారం, ఉదయం 7.10
నిశ్చయం: కారును షెడ్డుకు తీసుకెళ్లను. ఐడిల్ వాల్వును ఇంట్లో నేనే పరీక్షిస్తాను. యాక్సిలరేటరు మీంచి కాలు తీసినా ఇంజను ఆగిపోకుండా కాస్త గాలి అందించే బుల్లి పరికరం అది. నిన్న ఒక్కరోజే కారు మూడు సిగ్నళ్ల దగ్గర ఆగిపోయింది.

బావమరిది మెకానిక్. "షెడ్డుకు తీసుకురా బావా, పది నిమిషాల పని" అన్నాడు. పది నిమిషాల పనికి వాడెందుకు?

శనివారం మా ఆవిడకు డ్రైవింగ్ టెస్టు, ఈ కారులోనే. ఇది రెండోసారి. రెండు నెలల క్రితం ఎత్తు ఎక్కుతుంటే కారు ఆగిపోయి ఫెయిలైంది. "కారులోనే ఏదో ఉందండీ" అంది. ఆడలేక మద్దెల ఓడు అన్నాను, ఆవిడ తమ్ముడి ముందే. క్లచ్చు మీద కాలు కుదరడం లేదని ఇంటిల్లిపాదికీ వివరించాను. కాబట్టి వాల్వు పాడైతే మాత్రం నిన్ననే పాడై ఉండాలి.

మంగళవారం, సాయంత్రం 5.30
కరెంటు కొలిచే మల్టీమీటరు కొన్నాను. వీడియోలు నాలుగు చూశాను, ఒక్కోటి సగం.
5.50: ఇంజను ఆన్ చేసి, వాల్వు వైరు ప్లగ్గు పీకాను. ఇంజను ఠక్కున ఆగిపోయింది.
5.51: తీర్పు: వాల్వు చచ్చింది. ఒక్క నిమిషంలో రోగం పట్టేశాను. ఫొటో తీసి బావమరిదికి పంపాను. బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. అసూయ.

బుధవారం, సాయంత్రం 6.00
వాల్వు విప్పాను. స్క్రూలు రెండు. ఒకటి చేతిలో ఉంది. రెండోది ఇంజను సందుల్లో ఎక్కడో క్షేమంగా ఉంది.
మీటరు ఎటు తిప్పినా ఏమీ చూపించలేదు. బ్యాటరీ మనమే వేసుకోవాలట. డబ్బా మీద రాశారు, చిన్న అక్షరాల్లో.
పాత టూత్‌బ్రష్‌తో వాల్వు మసి తోమాను. పాతదే అనుకున్నాను. "అది నాది. మొన్ననే తీశాను" అని మా ఆవిడ బాత్రూమ్ గుమ్మంలో నిలబడి చెప్పింది.

గురువారం
తలనొప్పి. ఆఫీసులో పని. పైగా చినుకులు. అసలు సంగతి, స్క్రూ కోసం వంగడానికి నడుము ఒప్పుకోలేదు.

శుక్రవారం, సాయంత్రం 6.15
స్క్రూ దొరికింది. వాల్వు బిగించాను. ఒక రబ్బరు రింగు మిగిలింది. మిగిలిందంటే అక్కర్లేదనే కదా.
6.30: పెనం మీంచి పొయ్యిలో పడ్డాను. ఇప్పుడు కారు ఆగదు. ఇంజను ఒకటే హోరు. మా ఆవిడ ప్రాక్టీసుకని వీధి చివరిదాకా వెళ్లి, పాలిపోయిన ముఖంతో తిరిగొచ్చింది.
"నేను తొక్కలేదండీ. దానంతటదే పోతోంది. రేపు కూడా ఫెయిలైతే ఇక ఈ జన్మలో స్టీరింగ్ ముట్టుకోను."
నాకు భయం వేసింది. ఈసారి కారు గురించి కాదు.
6.50: పరువు పోతే పోయిందని బావమరిదికి ఫోన్ చేయబోయాను. ఆవిడ అప్పటికే చేసేసింది.

శనివారం, ఉదయం 6.30
బావమరిది వచ్చాడు. రింగు వేశాడు. వాల్వు పక్కనున్న గాలి గొట్టాన్ని వంచి చూపించాడు. వేలెడంత పగులు.
"ప్లగ్గు పీకితే ఇంజను ఆగిందా బావా? అయితే వాల్వు బాగున్నట్టే. పీకినా ఏ తేడా రాకపోతేనే చెడినట్టు."
అంటే ఆరోగ్యంగా ఉన్నదాన్ని పట్టుకుని వారమంతా వైద్యం చేశాను.
"ఈ పగులు ఇవాళ్టిది కాదు. ఆర్నెల్లయినా అయి ఉంటుంది" అన్నాడు, కొత్త గొట్టం తొడుగుతూ.
ముగ్గురం మనసులోనే లెక్క వేసుకున్నాం. మొత్తం తొమ్మిది నిమిషాల పని.

11.40: పాసైంది. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా కదిలించిందట. ఇంటికి తనే నడిపింది. పక్క సీట్లో సిగ్గుతో చితికిపోయాను. తప్పు నాదే అందామని నోరు తెరిచాను. "బ్రేకు కాస్త కీచుమంటోంది, రేపు నేనే విప్పి చూస్తాను" అన్న మాట బయటికొచ్చింది.
ఆవిడ కారు ఆపి, తాళాలు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని లోపలికి వెళ్లింది.

ఆదివారం, ఉదయం 7.00
కొత్త నిశ్చయం: బ్రేకులు ఇంట్లోనే, నేనే. తాళాలు అడగాలి.
7.20: అడిగాను. "ముందు మీరు నాకు చెప్పాల్సిన మాట ఒకటుంది" అంది.
7.21: బ్రేకులు వచ్చే సోమవారం నుంచి.