పిలవనన్న పేరు

ఆగస్టు 3
పాపకి తొమ్మిదో రోజు. పాలు తాగింది, పడుకుంది. ముందు పుట్టిన ఇద్దరూ ఇన్ని రోజులు కూడా లేరు.

ఆగస్టు 5
ఫోన్‌లో పేర్లు చూస్తున్నాను. ఆద్య — సంస్కృతం, మొదటిది అని అర్థం. వద్దు. ఇది నాకు మూడోది. సాన్వి బాగుంది. కానీ మా రాచర్లలో వీధిలో నిలబడి ఆ పేరు పిలిస్తే ముగ్గురు పరుగెత్తుకొస్తారు.

ఆగస్టు 6
అత్త తేల్చేసింది. "పేర్లు ఏంది వెతికేది? పుల్లమ్మ." అన్నాలు తిని లేచిన ఎంగిలి విస్తరాకుల మీద, అదే పుల్లాకుల మీద, బిడ్డను దొర్లించి ఆ పేరు పెట్టాలట. పారేసిన బిడ్డ అనుకుని చావు అటు చూడదట. "మా నాయన పుల్లయ్యే. ఆయనకు ముందు నలుగురు పోయినారు. ఆయన ఎనభై ఏండ్లు బతికినాడు."
ఒళ్లు మండింది. నా బిడ్డ ఎంగిలాకుల మీదా! ఆ పేరు పిలవనంటే పిలవను అన్నాను. మా ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఆగస్టు 9
ఎవరికీ చెప్పని మాట. రెండోది కడుపులో ఉండగానే పేరు ఎంచుకున్నాను. రోజూ ఆ పేరుతోనే కబుర్లు చెప్పేదాన్ని. అందుకే... కాదు. నమ్మను. నమ్మను గానీ, ఈసారి ఏ పేరూ పైకి అనలేదు.

ఆగస్టు 11
పొద్దున్నుంచి పాప పాలు తాగడం లేదు. ఒళ్లు కాలిపోతోంది. ఆటో పిలిచారు, గిద్దలూరు పోతున్నాం.

ఆగస్టు 12
ఆసుపత్రి. నిన్న చీటీ రాస్తూ నర్సు అడిగింది, "పాప పేరేందక్కా?" ఇంకా పెట్టలేదు అనాల్సింది. "పుల్లమ్మ" అన్నాను. మా ఆయన తల తిప్పి నా వంక చూశాడు.

ఆగస్టు 13
జ్వరం దిగింది! ఆకలికి గుక్కపట్టి ఏడ్చింది. అబ్బ, ఆ ఏడుపు ఎంత హాయిగా ఉందో. పనిచేసింది డాక్టరమ్మ మందే. తెలుసు.

ఆగస్టు 15
నిన్న ఇంటికి పంపారు. ఈరోజు ఇరవై ఒకటో రోజు. అత్త చుట్టాలకు అన్నాలు పెట్టింది. అందరూ లేచాక ఆకులు దగ్గరికి జరిపింది నేనే. గుడ్డలో చుట్టి బిడ్డను దొర్లించిందీ నేనే. గుడ్డకు పప్పు మరకయింది. అత్త ఏడ్చింది, నేను నవ్వాను. ఎన్నాళ్లయిందో ఇట్లా నవ్వి.

ఆగస్టు 20
పుట్టిన సర్టిఫికెట్‌కి పేరు రాసివ్వాలట. అత్త వచ్చి పక్కన కూర్చుంది. "ఇంక భయం లేదులేమ్మా. కాగితంలో నీకు నచ్చిందే రాసుకో. రేపు బడికి పోతే పిల్లలు నవ్వరూ?"
ఇప్పుడా చెప్పేది!
పాప కడుపునిండా తాగి నిద్రపోతోంది. నాకు నచ్చిన పేరు ఒకటుంది. రాయబోతే చెయ్యి ఆగిపోతోంది. అత్తకు భయం పోయింది. నాకే ఇంకా...